రెండు కిలోల నాలుగువందలు

పదకొండు నిమిషాలు పట్టింది.
అట్టపెట్టె మీద పది అని రాశారు,
మిగిలిన నిమిషం నా కళ్ళజోడు ఖాతాలోది.

అరచేతిలో ఇమిడే తెల్ల డబ్బా,
రౌటర్ పక్కన, ఉల్లిపాయల బుట్ట వెనక.
తెర మీద నలుపూ తెలుపూ గళ్ళ ముగ్గొకటి వేసింది,
ఫోన్‌కి ఒకసారి చూపించాను,
తాళంచెవి జేబులోకి వచ్చేసింది.
ఇంతేనా వీపీఎన్ అంటే?
నెల్లాళ్ళు భయపడ్డందుకు కాస్త సిగ్గేసింది.

అంతా ఒక తూకం కోసం.
మూడో తేనెపెట్టె కింద త్రాసు ఉంది.
దాన్ని అమ్మిన కంపెనీ మార్చిలో మూతపడింది,
ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చన్న మాట కూడా దాంతోనే పోయింది.
నా తేనెటీగల బరువు
నా ఇంటి వైఫై గడప దాటడం మానేసింది.

మతేవ్జ్, గోడ అవతలి మనిషి,
రైల్వేలో ముప్ఫయ్యేళ్ళు సిగ్నల్ మీటలు లాగినవాడు,
"బయటికి దారి తీస్తే
లోపలికీ అదే దారి కదా స్లావ్కా" అన్నాడు.
పెట్టెల దగ్గరికి తీసుకెళ్ళాను.
పది అడుగుల దూరంలో ఆగిపోయాడు.
గుమ్మంలో కాపలా ఈగలు
వచ్చినదాన్నల్లా మీసాలతో తడుముతున్నాయి.
వాసన కలిస్తే లోపలికి,
కలవకపోతే మెడపట్టి గెంటడమే.
"దారుంటుంది. ఎవరు నువ్వని అడిగేవాళ్ళూ ఉంటారు."
అతను వినలేదు. పలకల మీది బొమ్మలు చూస్తున్నాడు:
వేటగాడి పాడె మోస్తున్న ఎలుగుబంటి,
నక్క గడ్డం గీస్తున్న మంగలి.
ఈగ తన ఇల్లు మర్చిపోకుండా
మా జిరోవ్నిత్సాలో వేసే బొమ్మలు.
నా ఫోన్‌కి చూపిన ముగ్గూ అలాంటిదే అనబోయి,
మరీ అతి అవుతుందని ఊరుకున్నాను.

రోజూ పొద్దున్నే కరవాంకె సొరంగం.
కొండ కడుపులో ఎనిమిది కిలోమీటర్లు,
అటు తేలితే ఆస్ట్రియా, ఫిల్లాఖ్, ఎముకల వార్డు.
ఇప్పుడు నా వెంట ఇంకో సొరంగం,
ఎవరూ తవ్వనిది, టోలు లేనిది.
మొదటి వారమంతా మురిపెమే.
నలభై ఒకటి. నలభై ఒకటీ మూడువందలు.
లిండెన్ పూసిన సంగతి
ఆ ఏడు నాకు అంకెల్లో తెలిసింది.

మంగళవారం, పదకొండూ ఇరవై.
నలభై నాలుగు కిలోలు చూసి జేబులో పెట్టుకున్నాను.
లెడరర్ గారి మోకాలి కట్టు మార్చి, చేతులు కడిగి,
మళ్ళీ తీస్తే
నలభై ఒకటీ ఆరువందలు.

రెండు కిలోల నాలుగువందలు.
ఇరవై వేల ఈగలు కావచ్చు,
పాత రాణిని వెంటబెట్టుకుని
నా కళ్ళ ముందే లేచిపోయాయి.
కళ్ళ ముందే అంటే,
అంకె ముందు.
దారి నాదే, తలుపు నాదే, చెవీ నాదే,
ఆ దారిలో చెయ్యి పట్టదు.
రొద రాదు. మైనం వాసన రాదు.

మతేవ్జ్‌కి ఫోన్ చేశాను.
"ఎగిరిపోయాయని నీకెలా తెలుసు?"
"బరువు తగ్గింది."
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత నిచ్చెన ఈడుస్తున్న చప్పుడు.

సాయంత్రం వెళ్ళేసరికి
బేరిచెట్టు కింద దుప్పటి కప్పిన ఆపిల్ బుట్ట,
లోపల సన్నగా గుయ్యిమంటోంది.
పక్కన గడ్డిలో మతేవ్జ్,
వాళ్ళావిడ కిటికీ పరదా ఇంకా మెడలోనే ఉంది,
ఎడమ చెవి బంగాళాదుంపంత వాచింది.
"బండి ఆగింది" అన్నాడు.

చీకటి పడ్డాక వాటిని కొత్త పెట్టెలోకి దించాం.
దాని పలక మీద ఇంకా ఏ బొమ్మా వెయ్యలేదు.
వాటికేం పట్టలేదు, బారులు తీరి నడిచిపోయాయి.

ఐసు ముక్క చెవికి అదిమిపెట్టి
వంటింట్లో కూర్చున్నాడు,
ఉల్లిపాయల బుట్ట వైపే చూస్తూ.
"ఆ డబ్బా నాకూ ఒక చెవి ఇస్తుందా?
నువ్వు కొండ కింద ఉన్నప్పుడు ఎవరో ఒకరు చూడాలి కదా."

ముగ్గు చూపించాను.
ఈ చెవికి పేరేమిటని తెర అడిగింది.
ఒక వేలితో, మీట నొక్కినంత గట్టిగా,
"వాచింది" అని కొట్టాడు.